రేణిగుంటలో ఖాళీ విమానాల కాలం

విమానంలో 20 మంది వచ్చినా, 180 మంది వచ్చినా కింద నిలబడి దాన్ని అందుకునే మనుషులు దాదాపు అంతేమంది కావాలి. ఈ లెక్క నాకు 2020లో, కరోనాకు జీతం సగమయ్యాక, బాగా తలకెక్కింది. అప్పుడు నేను రేణిగుంట ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసే ఒక ఏజెన్సీలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. చెకిన్ కౌంటర్, బోర్డింగ్ గేటు, అవసరాన్ని బట్టి అరైవల్స్ దగ్గర బ్యాగుల గొడవలు. యూనిఫాం చూసి "ఎయిర్‌హోస్టెస్సా?" అని అడిగేవాళ్లు చాలామంది. మా వీధిలో ఇప్పటికీ నేను విమానంలో తిరిగే పిల్లనే. నాది ఎగిరేవాళ్లను ఎక్కించి కింద ఉండిపోయే ఉద్యోగమని ఎంత చెప్పినా ఎక్కదు.

మా ఎయిర్‌పోర్టు సంగతి కొంచెం చెప్పాలి. 2015 అక్టోబర్ 22న, అమరావతికి శంకుస్థాపన జరిగిన రోజే, ప్రధాని మోదీ ఇక్కడికి వచ్చి కొత్త టెర్మినల్‌ను ప్రారంభించారు. గరుడ టెర్మినల్ అంటాం. ఇక్కడ దిగేవాళ్లలో ఐఐటీ, ఐసర్ వాళ్లు, ఫోన్ల ఫ్యాక్టరీలకు వచ్చే ఇంజనీర్లు కొద్దిమంది ఉంటారు. మిగతావాళ్లను అడగక్కర్లేదు, కొండకే. నిండు జుట్టుతో దిగినవాళ్లు మర్నాడు సాయంత్రం గుండుతో, దానికి పూసిన చందనంతో తిరిగొస్తారు. ఆధార్‌లో ఫొటో ఒకటి, ఎదురుగా మొహం ఒకటి. ఎయిర్‌పోర్టు భద్రత చూసే సీఐఎస్‌ఎఫ్ దళంలో పాత జవాన్లు కళ్లూ ముక్కూ చూసి పంపేస్తారు. ఉత్తరాది నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చినవాళ్లు మాత్రం మొదటి వారం కార్డునూ మనిషినీ మార్చి మార్చి చూస్తారు. ఎక్స్‌రే తెర మీద లడ్డూలు వరసగా గుండ్రంగా కనబడుతుంటాయి. లడ్డూతో పేచీ లేదు, పేచీ అంతా ఎండు కొబ్బరితోనే. నూనె ఉంటుంది, నిప్పంటుకుంటుంది, చెకిన్ బ్యాగులో వద్దంటే, "ప్రసాదాన్ని ఆపుతారామ్మా?" అని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. రోజూ ఎవరో ఒకరికి సర్దిచెప్పాల్సిందే.

అందుకే మా ఎయిర్‌పోర్టుకు తాళం ఢిల్లీలో కంటే ముందు తిరుమలలో పడింది. 2020 మార్చి 20న దర్శనాలు ఆపేశారు. దేశంలో విమానాలు ఆగింది 25 నుంచి. ఆ మధ్య రోజులు నేను చేసిన డ్యూటీల్లో అన్నిటికంటే కష్టమైనవి. అలిపిరి దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు, ఎల్లుండి టికెట్‌ను ఈరోజుకు మార్చమనేవాళ్లు, డబ్బులు వాపసు ఇమ్మనేవాళ్లు అందరూ ఒక్క కౌంటర్ దగ్గరే. "దర్శనమూ లేదంట, డబ్బులూ లేవంట, ఇంకేముండాది మీ దగ్గర?" అని చిత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన గట్టిగా అడిగాడు. ఆయన పిల్లలను చూడడానికి ఢిల్లీ పోవాల్సినవాడు. విమాన సంస్థలు డబ్బుకు బదులు తర్వాతి టికెట్‌కు వాడుకునే క్రెడిట్ ఇస్తామంటున్నాయి, ఆ మాట కౌంటర్లో చెప్పాల్సింది మేము. ఆ క్రెడిట్ల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. లాక్‌డౌన్‌లో కొన్న టికెట్లకు డబ్బులు తిరిగివ్వాలని అక్టోబర్‌లో తీర్పు వచ్చింది. అప్పటికి తిట్లన్నీ మేం తినేశాం.

ప్యాసింజర్ విమానాలు ఆగితే ఎయిర్‌పోర్టు మూతపడిందనుకుంటారు. మూతపడదు. ఏ విమానం ఎప్పుడు అత్యవసరంగా దిగాల్సి వస్తుందో తెలీదు కాబట్టి రన్‌వేను రోజూ చూడాల్సిందే. కుక్కలు, పక్షులు, గడ్డి, పగుళ్లు, లైట్లు. ఫైర్ ఇంజన్లు సిద్ధంగా ఉండాలి, టవర్‌లో కంట్రోలర్ ఉండాలి, గాలి ఎటు వీస్తోందో వాతావరణ సిబ్బంది రాస్తూ ఉండాలి. ఈ ఖర్చు ప్యాసింజర్ల లెక్క మీద నడిచేది కాదు. ప్యాసింజర్ల లెక్క మీద నడిచేవాళ్లం మేము. ట్రాలీలు తోసే కుర్రాళ్లు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, లోడర్లు, కౌంటర్ పిల్లలు, బయట ట్యాక్సీ అన్నలు.

ఏప్రిల్‌లో సగం జీతం పడింది. మేలో ఫోన్ వచ్చింది. 'లీవ్ వితౌట్ పే' అన్నారు. తీసేయలేదు కదా అని సంతోషించమన్నట్టే ఉంది ఆ గొంతు. మా నాన్న రేణిగుంట స్టేషన్ నుంచి తిరుపతికి షేర్ ఆటో నడుపుతాడు. రైళ్లూ లేవు, కొండా లేదు, ఆటో షెడ్డులోనే. స్కూటీ ఈఎంఐకి రిజర్వ్ బ్యాంక్ మారటోరియం ఇచ్చింది. మొదట మూడు నెలలు, తర్వాత ఆగస్టు దాకా. కట్టకపోయినా వడ్డీ నడుస్తూనే ఉంటుందని బ్యాంకు అబ్బాయి మెల్లిగా చెప్పాడు. అమ్మ రేషన్ బియ్యం, ఇంట్లో పెట్టిన చింతకాయ తొక్కుతో ఆ నెలలు నడిపింది. అంతకంటే ఏడ్చుకోవడానికి ఏం లేదు, వీధంతా అదే పరిస్థితి.

మే 20న విమానాలు 25 నుంచి మొదలవుతాయని కేంద్ర మంత్రి ప్రకటించారు. ఆంధ్రాలో 26 నుంచి. ఆ సాయంత్రమే మా సూపర్‌వైజర్ ఫోన్. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. "నీ పాస్ ఉండాదా? ఎప్పటి దాకా?" అన్నాడు.

ఆయన్ను తప్పుపట్టను. ఎయిర్‌పోర్టులో మనిషంటే పాసే. ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్, ఏఈపీ అంటాం. మెడలో వేలాడే ఆ కార్డు మీద ఏ ఏ చోట్లకు పోవచ్చో అక్షరాల్లో ఉంటుంది. ఏప్రన్, అంటే విమానాలు నిలిపే చోటు, దాని అక్షరం లేని మనిషి విమానం మెట్ల దాకా పోలేదు. అది రావాలంటే కంపెనీ ఉత్తరం, పోలీసు వెరిఫికేషన్, భద్రతా శిక్షణ సర్టిఫికెట్, ఆ తర్వాత పౌర విమానయాన భద్రతా బ్యూరో అనుమతి. నా పాస్ గడువు దగ్గర పడింది. దాంతోపాటు ప్రమాదకర వస్తువుల ట్రైనింగ్, మేం డీజీ అంటాం, రెండేళ్లకోసారి మళ్లీ చేయాల్సినది, అదీ అయిపోయింది. డీజీ లేకుండా చెకిన్‌లో కూర్చోనివ్వరు. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, గ్యాస్ లైటర్ పనికిరాదు, ఇవన్నీ ఏళ్లుగా రోజూ చెప్పేవే. అయినా సర్టిఫికెట్ మీద తేదీ దాటితే అవేవీ మనకు తెలియనట్టే లెక్క.

క్లాసు ఫోన్లో పెట్టారు. ఇంట్లో సిగ్నల్ రాదు, మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని విన్నాను. లిథియం బ్యాటరీల పాఠం మధ్యలో కింద నుంచి కూరగాయల బండి మైకు. చెప్పే సారు "ఎవరు టమాటాలు అమ్మేది?" అని హిందీలో అడిగాడు. పరీక్ష పాసయ్యాను. వెరిఫికేషన్ కోసం స్టేషన్‌కు పోతే ఉన్న కానిస్టేబుళ్లందరూ చెక్‌పోస్టుల్లో ఉన్నారు. రైటర్ ఒక్కడే, మాస్కు గడ్డం కిందకు జార్చుకుని, "ఇప్పుడు విమానం ఎవురెక్కుతారమ్మా?" అన్నాడు. నిజానికి మంచి ప్రశ్నే. మళ్లీ రమ్మని, వచ్చాక ఇంకోసారి రమ్మని, చివరికి సంతకం పెట్టాడు. నాతో పనిచేసిన ఇద్దరికి పాస్ సమయానికి రాలేదు. వాళ్లను మొదటి రోస్టర్‌లో, అంటే డ్యూటీ పట్టికలో, వేయలేదు. తర్వాత రోస్టర్లు ఇంకా చిన్నవయ్యాయి, వాళ్లకు చోటే దొరకలేదు. పనిలో వాళ్లు నాకంటే మెరుగు. తేదీల్లో నేను ముందున్నాను, అంతే.

ఈ పనుల్లో ఉన్న పిల్లలకు ఒక్క మాట. పాస్, ట్రైనింగ్, మెడికల్ తేదీలు కంపెనీ చూసుకుంటుందిలే అని వదిలేయొద్దు. ప్రతి కాగితం ఫొటో తీసి మీ ఫోన్లో పెట్టుకోండి. కష్టకాలంలో ఎవరిని ఉంచాలన్న ప్రశ్న వస్తే, ముందు చూసేది ఎవరి కాగితాలు బతికున్నాయనే.

మే 26కి రోహిణి కార్తె వచ్చేసింది. రోళ్లు పగిలే ఎండలంటారు కదా, ఆ ఎండలో ఏప్రన్ కాంక్రీటు మీద పీపీఈ సూటు, మీద ఫేస్ షీల్డు. ఊపిరికి షీల్డు మసకబారి విమానం నంబరు కూడా కనబడేది కాదు. లోపల ఒక వైపు కాళ్ల గుర్తులు అంటించారు, ఇంకో వైపు కుర్చీలకు ఇంటూ గుర్తులు వేశారు. బోర్డింగ్ పాస్ మీద స్టాంపు తీసేశారు. జవాను అద్దం వెనక నుంచి చూస్తాడు, ప్యాసింజర్ కార్డును కెమెరా ముందు పెడతాడు. ఒక్క బ్యాగే చెకిన్‌కు, ట్యాగు ఇంటి దగ్గరే ప్రింట్ చేసుకుని రావాలి. ప్రింటర్ ఎవరింట్లో ఉంటుంది? కాగితం మీద పీఎన్‌ఆర్ పెన్నుతో రాసి దారంతో కట్టుకుని వచ్చేవాళ్లు. ఒకామె పెళ్లి శుభలేఖ వెనక రాసి తెచ్చింది.

దిగేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ స్పందన వెబ్‌సైట్లో నమోదు, స్వాబ్, చేతి మీద ముద్ర, క్వారంటైన్ టెన్షన్. మొదట్లో వచ్చింది భక్తులు కాదు. హాస్టళ్లలో చిక్కుకుపోయిన పిల్లలు, సెలవు దొరికిన జవాన్లు, చావుకు అందుకోలేక దినాలకైనా అందుకుందామని వచ్చినవాళ్లు.

ఖాళీ విమానంతో ఎక్కువ పని ఎక్కడొస్తుందో చెప్తాను. హైదరాబాద్ రూట్లో తిరిగే ఏటీఆర్ చిన్న విమానం, 70కి పైన సీట్లు. నిండుగా ఉంటే బరువు దానంతటదే సర్దుకుంటుంది. పదిహేను ఇరవై మందే ఉంటే ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది ముఖ్యం. అందరూ ఒక కొసనే చేరితే తూకం తప్పుతుంది. విమానం బరువు లెక్క రాసే లోడ్ షీట్‌లో ముందు ఇంతమంది, మధ్యలో ఇంతమంది, వెనక ఇంతమంది అని లెక్క వేసి, అలాగే కూర్చోబెట్టాలి. మధ్య సీటు ఖాళీగా ఉంచండి, లేదా అక్కడ కూర్చునేవాళ్లకు గౌను ఇవ్వండి అని జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. ఏటీఆర్‌లో అటు రెండు, ఇటు రెండే, మధ్య సీటే ఉండదు. ప్యాసింజర్లు మాత్రం వార్తల్లో విని గౌను ఏదని అడిగేవాళ్లు. ఒక రోజు శ్రీకాళహస్తి పెద్దాయన వెనక సీటు ఇస్తే ఒప్పుకోలేదు.

"బస్సంతా ఖాళీగా ఉంటే నన్ను యాడో మూలన కూచోమంటారేమమ్మా?"

"బస్సు కాదు తాతా, పైకి పోయాక ఇది ఒక పక్కకి ఒరక్కుండా ఉండాలి."

"నేనొక్కణ్ణి ముందుకొస్తే ఒరుగుతాదా?"

"మీలాగే ఇంకో ఐదుగురు అడిగినారు."

నవ్వి వెనక్కి పోయాడు. పక్కన లోడ్ షీట్ పట్టుకున్న అబ్బాయి ఊపిరి పీల్చుకున్నాడు. వాడు అప్పటికే ఆ షీట్ రెండోసారి రాస్తున్నాడు.

ఇంత చిన్న లోడ్‌కూ మెట్లు పెట్టాలి, చక్రాలకు చాక్స్, అంటే అడ్డు దిమ్మెలు, వేయాలి, కరెంటు యూనిట్ తగిలించాలి, మెట్ల దగ్గర మళ్లీ సెక్యూరిటీ తనిఖీ చేయాలి, బ్యాగులు లెక్కపెట్టాలి. చెకిన్‌లో ఒకటి రెండు కౌంటర్లు మూసుకోవచ్చు, అంతకుమించి తగ్గేది లేదు. ఏజెన్సీకి మాత్రం విమానాల లెక్కన డబ్బులు, విమానాలు తగ్గితే మనుషులను తగ్గించక తప్పదు. దాంతో ముగ్గురు నలుగురి పని ఒక్కరమే చేయడం నేర్చుకున్నాం. చెకిన్ మూసి గేటుకు పరుగు, బోర్డింగ్ అయ్యాక అరైవల్స్‌కు పరుగు. కౌంటర్లో 'హ్యాపీ జర్నీ' చెప్పిన మనిషే గేటు దగ్గర మళ్లీ ఎదురై అదే మాట చెబుతుంటే, ఒక చిన్న పాప "అమ్మా, ఈ ఆంటీ మనతోనే వస్తాండాదా?" అని అడిగింది.

కేంద్రం మొదట మూడో వంతు విమానాలనే అనుమతించింది. జూన్ చివర 45 శాతం, సెప్టెంబర్‌లో 60, డిసెంబర్‌లో 80. టికెట్ ధరలకూ కిందా పైనా గీత గీసింది. 40 నిమిషాల లోపు ప్రయాణానికి 2,000 నుంచి 6,000 రూపాయల మధ్యే అమ్మాలి. పేపర్లో ఈ శాతాలు చూసి మా బంధువులు "ఇంక మీకు పని పెరిగినట్టే" అనేవాళ్లు. అనుమతి 60 శాతానికైనా, ఎక్కేవాళ్లు ఉండాలి కదా! పొద్దున రోస్టర్‌లో ఉన్న విమానం రాత్రి మెసేజ్‌తో రద్దయ్యేది. సంస్థలు రెండు విమానాల జనాన్ని ఒకదాంట్లో సర్దేవి. ప్యాసింజర్లు తగ్గుతుంటే ప్యాసింజర్ మీద వేసే భద్రతా రుసుము మాత్రం సెప్టెంబర్‌లో 150 రూపాయల నుంచి 160కి, 2021 ఏప్రిల్‌లో 200కి పోయింది. సెక్యూరిటీ ఖర్చు తగ్గలేదు, పంచుకునే తలలు తగ్గాయి. ఇంకో సంగతి, 80 సీట్ల లోపు దేశీయ విమానాలకు ల్యాండింగ్ చార్జీ ఉండదు. కాబట్టి మాలాంటి చిన్న ఎయిర్‌పోర్టులో ఏటీఆర్‌లు ఎన్ని దిగినా ఆ పద్దు కింద వచ్చేది సున్నా.

మా అసలు కొలత ఇవేవీ కాదు. దర్శనం కోటా. జూన్ 11న సామాన్య భక్తులకు తిరుమల తలుపులు తెరిచినప్పుడు రోజుకు ఆరు వేల మందికే అవకాశం. మామూలు రోజుల్లో 60, 70 వేలు చూసిన కొండ అది. మా సూపర్‌వైజర్ విమానయాన శాఖ సర్క్యులర్ల కంటే ముందు టీటీడీ ప్రకటన చదివేవాడు. 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలైన రోజు సాయంత్రానికే మా బుకింగులు కదిలేవి. ఎంత పెద్ద విమాన సంస్థ దగ్గరా ఇంత కచ్చితమైన జోస్యం ఉండదనుకుంటాను. జూలైలో తిరుమల అర్చకుల్లో, సిబ్బందిలో కేసులు బయటపడ్డాయి. 21 నుంచి తిరుపతిలో లాక్‌డౌన్, పొద్దున 11 దాకే దుకాణాలు. మళ్లీ ఎక్కేవాళ్ల లెక్క పడిపోయింది. ఆ ఏడాది అధిక మాసం, బ్రహ్మోత్సవాలు రెండు. వేరే ఏడాదైతే గరుడ సేవకు సెలవు అడగడానికే భయపడేవాళ్లం. ఆ ఏడాది రెండూ ఏకాంతంగా జరిగాయి. గరుడ సేవ నాడు నాకు వీక్లీ ఆఫ్ ఇచ్చారు. ఇంట్లో టీవీలో చూశాను.

ఆగస్టు చివర్లో దేశ జీడీపీ ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో 23.9 శాతం పడిందని పేపర్లన్నీ పెద్దక్షరాల్లో వేశాయి. మా కౌంటర్లో అది ముందే తెలుస్తోంది. కొల్హాపూర్, బెళగావి వైపు నుంచి తాత, అవ్వ, పిల్లలు పదేసి మంది కలిసి వచ్చే కుటుంబాలు కనబడటం మానేశాయి. వచ్చినా ఇద్దరు ముగ్గురు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ పిల్లలు కూడా కార్లలో రావడం మొదలుపెట్టారు. చెన్నై, బెంగళూరు వాళ్లకైతే ఎప్పుడూ రోడ్డే దగ్గర. దేవుణ్ణి మానుకోరు, విమానాన్ని మానుకుంటారు. మా సూపర్‌వైజర్ 2008లో చెన్నైలో పనిచేశాడు. అప్పుడు పీపా చమురు 147 డాలర్లకు పోయిందట, టికెట్లు పెరిగి జనం తగ్గారట. "అప్పుడు జనానికి డబ్బుల్లేవు, ఇప్పుడు డబ్బుల్లేవు, ధైర్యమూ లేదు" అనేవాడు.

2021లో కొంచెం తేరుకుంటున్నామనగా రెండో వేవ్. ఏప్రిల్ 12 నుంచి ఉచిత దర్శనం టోకెన్లు ఆపేశారు. జూన్ 1 నుంచి విమానాలు సగానికి. అదే సమయంలో మా ఏజెన్సీ కాంట్రాక్టు ఇంకొకరి చేతికి పోయింది. పని అదే, కౌంటర్ అదే, కుర్చీ కూడా అదే. పాస్ మాత్రం పాత కంపెనీ పేరు మీద ఉంది. దాన్ని సరెండర్ చేయాలి, కొత్త కంపెనీ మళ్లీ మొదటి నుంచి అప్లై చేయాలి. మళ్లీ అదే స్టేషన్. రైటర్ నన్ను గుర్తుపట్టి, "ఇంకా ఎక్కతాండారా జనం?" అన్నాడు. ఈసారి సంతకం వెంటనే పెట్టాడు. సర్వీసు మాత్రం సున్నా నుంచి మొదలు, జీతం కొత్త పిల్లలతో సమానం. పాత పీఎఫ్ కొత్త ఖాతాలోకి మార్చుకోవడానికి ఇంకో కథ నడిచింది. ఆ లోపల మాలో చాలామంది వెళ్లిపోయారు. ఇద్దరు అమ్మాయిలు ఫోన్ల ఫ్యాక్టరీలో చేరారు, అక్కడ జీతం తక్కువైనా బస్సు, భోజనం ఉన్నాయి. లోడర్ ఒకతను కరకంబాడి రోడ్డులో ఇడ్లీ బండి పెట్టాడు, బాగానే నడుస్తోంది, పిలిచినా రానన్నాడు.

అక్టోబర్ 18న కేంద్రం విమానాల మీద పరిమితి పూర్తిగా ఎత్తేసింది. దర్శనం కోటా పెరిగిన కొద్దీ మెల్లిగా విమానాలు నిండాయి. గుండ్లు, లడ్డూ సంచులు, కొబ్బరి పేచీలు, అన్నీ తిరిగొచ్చాయి. షిఫ్టులో మనుషులు మాత్రం ఆ ఖాళీ రోజుల లెక్కనే ఉండిపోయారు. కొత్త మేనేజర్‌ను అడిగితే, "ఇంతమందితోనే నడిపారు కదమ్మా ఇన్నాళ్లూ" అన్నాడు. అప్పుడు ఎక్కింది ఎంతమంది, ఇప్పుడు ఎక్కేది ఎంతమంది అని పాత లోడ్ షీట్లు, కొత్త లోడ్ షీట్లు పక్కపక్కన పెట్టి రాసిచ్చాం. బోర్డింగ్ గేటుకు ఒక మనిషిని పెంచారు. చెకిన్ కోసం మళ్లీ రాసిస్తున్నాం.